మామ ప్రాణమున్న పన్ను

మా మేనమామ పోయాడని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను సుబేదారిలో మా ఆఫీసు మెట్లు ఎక్కుతున్నాను. మధ్యాహ్నం కడుపునిండా తిని, కాసేపు నడుం వాలుస్తానని పడుకున్నాడట. మళ్ళీ లేవలేదట. డెబ్బై దాటి చాలా ఏళ్ళయింది ఆయనకు. అమ్మ గొంతులో ఏడుపు లేదు, సంతోషమూ లేదు. "పోయిండే," అన్నది. "చెల్లెకు నువ్వే చెప్పు," అన్నది.

చెల్లె కాజీపేటలో ఒక బళ్ళో పిల్లలకు లెక్కలు చెబుతుంది. విరామ సమయానికి ఫోన్ చేసి చెప్పాను. ఎట్ల పోయిండని అడిగింది. నిద్దట్లోనే అన్నాను.

"అయితే నేనేం చెయ్యలేదు గద," అన్నది.

అది హాస్యానికి అన్న మాట కాదు. పాలు తాగే వయసు నుంచీ నా చెల్లెలు ఆ మనిషిని చంపబోతోందని మా చుట్టపక్కాలందరి నమ్మకం. అందరికన్నా గట్టి నమ్మకం ఆయనది. ఆ నమ్మకం మీద ఆయన బతికినంత హాయిగా చాలామంది ఆస్తుల మీద కూడా బతకరు.

మనిషి గుంజలా ఉండేవాడు. స్టేషన్‌లో పార్సిళ్ళ ఆఫీసులో ఉద్యోగం. పొద్దున్నే ఇంటి ముందు గద్దె మీద కూర్చుని వేపపుల్లతో గంటసేపు పళ్ళు తోమేవాడు. దారిన పోయే ప్రతివాడికీ పళ్ళు ఇకిలించి చూపించి, ఒక్కటి పుచ్చలేదు, ఒక్కటి కదల్లేదు అని చెప్పుకునేవాడు. తోమడం అయ్యాక కుడిచేతి బొటనవేలితో ఎడమ మణికట్టు పట్టుకుని, కళ్ళు మూసుకుని నాడి చూసుకునేవాడు. నాడి గురించి ఆయనకు ఏమీ తెలియదు. కొట్టుకుంటోందా లేదా అన్నదొక్కటే ఆయనకు కావాలి. కొట్టుకుంటోందని తేలాక పెద్దగా నిట్టూర్చి, "నాదేమున్నది, పోయేటోన్ని," అని చాయ్ అడిగేవాడు.

ఆ మాట ఆయన నోట్లో ఎప్పుడూ తయారుగా ఉండేది. ఆదివారం కోడికూర వండితే, "పోయేటోన్ని, నాకింత కాలు ముక్క ఎయ్యుర్రి," అనేవాడు. ఎండాకాలం కూలర్ ఆయన మంచం వైపే తిరిగి ఉండేది, పోయేవాడు కదా. పండగకు మా బాపు కొత్త లుంగీ తెచ్చుకుంటే దాన్ని వేళ్ళతో నలిపి చూసి, బాగుందని మెచ్చుకుని, ఇలాంటిది కట్టుకోకుండానే పోతానేమో అనేవాడు. బాపు ఆ లుంగీ ఆయనకే ఇచ్చేశాడు. బాపు ఇతరుల పవర్‌లూమ్ మీద పనిచేసేవాడు. మట్టెవాడలో అమ్మమ్మ ఇంటి వెనక రెండు గదుల్లో మేముండేవాళ్ళం. ఇల్లు మామ పేరున ఉంది. అందుకని మా ఇంట్లో ఎవరూ ఆయనకు ఎదురు చెప్పేవారు కాదు.

చెల్లెకు ముందుగా పైపళ్ళు వచ్చాయి. ఇదీ దాని నేరం. గుగ్గిళ్ళు నమలాలని చూస్తున్న పసిదాని నోట్లో అమ్మ వేలు పెట్టి చూసింది. కింద చిగురు మెత్తగానే ఉంది, పైన మాత్రం రెండు మొనలు తగిలాయి. అమ్మ ఎవరికీ చెప్పలేదు. ఎన్నాళ్ళు దాస్తుంది? పిల్ల నవ్వింది, అమ్మమ్మ చూసింది. పైపళ్ళు ముందొస్తే మేనమామకు గండం అని మా వైపు పెద్దలంటారు. అమ్మమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. ఆమె ఏడ్చింది కొడుకు కోసం. పిల్లను ఎత్తుకుని ఉన్న కూతురి వైపు చూడనైనా లేదు.

శాంతి చేశారు. గిన్నెలో నూనె పోసి, అందులో పిల్ల ముఖం కనబడేలా అమ్మ వంగి పట్టుకుంటే, మామ ఇటువైపు నుంచి ఆ నూనెలోకి చూడాలి. పొద్దంతా ధైర్యం కూడగట్టుకుని వచ్చాడు. నూనెలో కనబడ్డ ముఖం ఆయన్ని చూసి కిలకిలా నవ్వింది. గిన్నె వదిలేసి గోడ దాకా వెనక్కి జరిగాడు. నాకు అప్పటికి బడికి పోయే వయసు. నడిచే రైలు పక్కన పరుగెత్తి మూటలు అందించగలిగే అంత మనిషి పసిపిల్లను చూసి గోడకు అంటుకుపోవడం నేను చూశాను. అది పాకడం నేర్చాక ఆయన మంచం దగ్గరికి పోతే రెండు కాళ్ళూ పైకి లాక్కునేవాడు. ఎత్తుకోలేదు, పేరు పెట్టి పిలవలేదు. "ఆ పిల్ల" అనేవాడు.

ఇంక ఆయనకు ఏం జరిగినా ఆ పిల్ల వల్లే. ప్లాట్‌ఫారం మీద కాలు జారినా, ప్రమోషన్ వేరేవాడికి పోయినా, రాత్రి ఎక్కువ తిని పొద్దున కడుపు చెడినా లెక్క దాని ఖాతాలోనే. ఒకసారి స్కూటర్ మీద పోతూ ఆగి ఉన్న బండిని గుద్దాడు. బండివాడిని తిట్టలేదు. ఇంటికొచ్చి, మోకాలు తుడుచుకుంటూ, చాప మీద నిద్రపోతున్న చెల్లె వైపు అదో రకంగా చూశాడు.

పాలపళ్ళు ఊడే వయసు వచ్చింది. మా వీధి పిల్లలందరికీ ఊడిన చోట కొత్తవి వచ్చాయి. చెల్లెకు పైన ఒక ముందుపన్ను రాలేదు. పక్కవి వచ్చాయి, అది మాత్రం లేదు. బళ్ళో దానికి కిటికీ అని పేరు పెట్టారు. మొదట్లో అది తనే నవ్వి చూపించేది. తర్వాత చెయ్యి అడ్డం పెట్టుకోవడం మొదలైంది. ఆ తర్వాత క్లాసులో పాఠం చదవమంటే నిలబడి పుస్తకం చూస్తూ ఊరుకునేదట. టీచరమ్మ అమ్మను పిలిపించి, పిల్లకు చదువు రాక కాదు, నోరు తెరవలేక చదవడం లేదు, పళ్ళ డాక్టరుకు చూపించండని చెప్పింది.

హనుమకొండలో ఒక డాక్టరమ్మ దగ్గరికి అమ్మ మా ఇద్దరినీ తీసుకుపోయింది. ఆమె ఎక్స్‌రే తీసి, వెలుతురుకు పట్టి చూపించింది. ముందుపళ్ళ మధ్య ఎముక లోపల ఒక చిన్న పన్ను అదనంగా పుట్టి, తలకిందులుగా పడుకుని ఉంది. దాని వెనక అసలు పన్ను రావడానికి దారి లేక ఆగిపోయింది. అడ్డమున్నది తీసేస్తే అసలుది మెల్లగా దానంతటదే దిగొచ్చు అన్నది. ఇప్పుడే తీయాలి, ఆలస్యమై వేరు ముదిరితే అది తనంతట దిగదు, తీగ కట్టి గుంజాల్సి వస్తుంది, అప్పుడైనా సరిగ్గా వస్తుందని చెప్పలేనన్నది. కొందరు పిల్లలకు ఇలా ఎక్కువ పళ్ళు పుడతాయని, కొందరికి అసలు పుట్టాల్సినవే పుట్టవని, భయపడాల్సిందేం లేదని ఓపిగ్గా చెప్పింది.

అమ్మ లేచి, మళ్ళీ కూర్చుని, పైపళ్ళు ముందొచ్చిన సంగతి గొంతు తగ్గించి అడిగింది.

"కొందరికి పైవి ముందొస్తయి, కొందరికి కిందివి," అన్నది డాక్టరమ్మ. "వరస మారితే పిల్లకే ఏం గాలేదు, మీ అన్నకేమైతదమ్మా?"

ఆ రోజు అమ్మ బస్సులో కిటికీ బయటికి చూస్తూ తనలో తాను నవ్వుకోవడం గుర్తుంది. ఇంటికొచ్చాక ఆ నవ్వు నిలవలేదు. సంగతి విన్న మామ మర్నాడు ఆఫీసు మానేసి, ఎక్కడో ఊరి బయట జాతకాలు చూసేవాడి దగ్గరికి పోయొచ్చాడు. ఎముకలో దాక్కున్న ఆ పన్నే గండమట. నిద్రపోతోందట. మామకు అరవై నిండేదాకా దాన్ని ముట్టుకోవద్దట. అప్పటికి ఆయనకు యాభై కూడా నిండలేదు.

అరవై నిండేసరికి చెల్లెకు పెళ్ళి వయసు వస్తుంది. అమ్మ ఆ మాటే అనబోయింది. అమ్మ ఆయన ముందు నిలబడి మాట్లాడటం నేను అంతకుముందు చూడలేదు. చీరకొంగు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ మాట్లాడింది.

"అన్నా, పిల్ల నవ్వుతలేదు."

"నవ్వకుంటే ఎవలన్న సస్తరానే?" అన్నాడు మామ. "నేను సస్త."

ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖంలో కోపం లేదు. చిన్నపిల్లకు లెక్క చెబుతున్నట్టు చెప్పాడు. ఒకవైపు ఒక పిల్ల నవ్వు, ఒకవైపు తన ప్రాణం, ఏది బరువో నువ్వే చూసుకో అన్నట్టు. అమ్మమ్మ ఆయన వీపు నిమురుతోంది. బాపు గుమ్మంలో నిలబడి ఉన్నాడు, లోపలికి రాలేదు. చెల్లె వంటింట్లో పళ్ళెం ముందు కూర్చుని అంతా వింది.

అలా ఏళ్ళు గడిచాయి. ఆయన పొద్దున్నే పళ్ళు తోముకుంటూనే ఉన్నాడు. ఆయన పళ్ళ మీద ఎండ పడి మెరుస్తుంటే, ఆ పక్కనుంచే చెల్లె నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని బడికి పోయేది. ఒక్కసారైనా ఆయనకు సిగ్గేసిందా అని నేను చాలాసార్లు అనుకున్నాను. సిగ్గు వెయ్యాలంటే ముందు దాని ముఖం చూడాలి కదా, ఆయన అదే చూసేవాడు కాదు.

అమ్మమ్మ పోయిన మరుసటి సంవత్సరం, ఆమె అస్థికలు కలపడానికి మామ, అత్త రైల్వే పాసు మీద కాశీకి బయలుదేరారు. ఆయన రైలెక్కిన మర్నాడు పొద్దున్నే అమ్మ చెల్లెకు తలదువ్వి, నన్ను కాలేజీ మాన్పించి, ఇద్దరినీ ఆటో ఎక్కించింది. ఎక్కడికో చెప్పలేదు. హనుమకొండ చౌరస్తా దాటాక నాకర్థమైంది. చెల్లె అమ్మ చెయ్యి పట్టుకుని, "మామకేమన్నయితె?" అని అడిగింది. పన్నెండేళ్ళ పిల్ల అడిగింది ఆ మాట. ఆ మనిషి చేసిన పనుల్లో నేను ఇప్పటికీ క్షమించనిది ఇదే. దాని పన్ను కన్నా లోతుగా ఆ భయాన్ని నాటాడు.

"ఐతే నా మీదికే రానియ్యి," అన్నది అమ్మ.

మత్తుసూది ఇచ్చి, చిగురు కోసి, డాక్టరమ్మ ఆ పన్నును తీసి దూదిలో పెట్టి చూపించింది. జొన్నగింజంత ఉంది, ఒకవైపు మొనదేలి. మా ఇంట్లో ఇన్నేళ్ళు అందరి నోళ్ళు మూయించింది అదే. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "గింతేనా," అన్నది.

ఆలస్యమైందని డాక్టరమ్మ దాచలేదు. అసలు పన్ను తనంతట దిగే కాలం దాటిపోయింది. దానికి సన్నటి గొలుసు అంటించి, పక్కపళ్ళకు కట్టిన తీగతో నెలనెలా కొద్దికొద్దిగా గుంజాల్సి వచ్చింది. బిగించిన ప్రతిసారీ చెల్లె రెండు రోజులు గంజి తాగి ఊరుకునేది. నొప్పి అని ఒక్కసారీ అనలేదు. కాశీ నుంచి వచ్చిన మామ ఆ తీగలు చూసి ఏమిటని అడిగితే, పళ్ళు వంకర పోకుండా కట్టించామని, లోపలిదాన్ని ఎవరూ ముట్టలేదని అమ్మ చెప్పింది. ఆయన నాడి చూసుకుని ఊరుకున్నాడు.

చాలా నెలలకు పన్ను దిగింది. కొంచెం పక్కకు తిరిగి దిగింది. ముందు గమనించింది అత్త. మామ వచ్చి, ఇన్నేళ్ళ తర్వాత మొదటిసారి చెల్లె ముఖంలోకి చూశాడు. చూసి, చేతులెత్తి దణ్ణం పెట్టాడు. దానికి కాదు, ఆకాశానికి. కాశీలో తాను మొక్కుకున్న మొక్కు ఫలించిందని వీధంతా చెప్పాడు. గండం దానంతటదే కరిగిపోయిందన్నాడు. ఇరుగుపొరుగు వచ్చి ఆయన భక్తిని మెచ్చుకున్నారు. వచ్చిన వాళ్ళందరికీ అమ్మ చాయ్ పోసింది. నెలనెలా బిగించిన తీగలు చెల్లె నోట్లో ఇంకా ఉండగానే ఆ పన్ను దిగిన కీర్తి ఆయన ఎత్తుకుపోయాడు.

ఆ తర్వాత కొన్నేళ్ళకు ఆయన కొడుక్కి పెళ్ళయి, కూతురు పుట్టింది. పుట్టిన పిల్లకు పైపళ్ళు ముందు వచ్చాయి.

ఈసారి గండం ఆయనకు కాదు. పిల్ల తల్లికి ఒక తమ్ముడున్నాడు, పరకాలలో ఫోన్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్న కుర్రాడు. మీసాలు అప్పుడే గట్టిపడుతున్నాయి. అతన్ని వెంటబెట్టుకుని వాళ్ళమ్మ భయపడుతూ వచ్చింది. ఏదన్నా శాంతి చేయించాలి, నూనెలో ముఖం చూపించాలి, మీరు పెద్దవాళ్ళు, మీకు తెలిసినట్టు చెయ్యండని మామను బతిమాలింది. మేము చాయ్ గ్లాసులు అందిస్తున్నాం.

మామ పెద్దగా నవ్వాడు. కుర్చీలో వెనక్కి వాలి, కాలు మీద కాలు వేసుకుని నవ్వాడు.

"ఏ కాలంల ఉన్నరమ్మా మీరు? పన్ను పైన వస్తేంది, కింద వస్తేంది? సదువుకున్నోల్లు గిట్ల మాట్లాడుతరా?"

అత్త నేలచూపులు చూసింది. అతని తల్లికి నమ్మకం కుదరలేదు. మీ ఇంట్లో కాలేదు కాబట్టి మీకు తెలియదన్నది. అవును, మా ఇంట్లో ఇలాంటివి ఎప్పుడూ పట్టించుకోలేదన్నాడు మామ. ఆ మాట అమ్మ ముందే, చెల్లె ముందే, రెప్ప ఆర్పకుండా అన్నాడు.

చెల్లె అప్పటికి డిగ్రీలో చేరింది. చాయ్ పళ్ళెం కింద పెట్టి, మామ వైపు కాకుండా ఆ కుర్రాడి వైపు తిరిగింది.

"అన్నా, నువ్వు ఫికర్ చెయ్యకు. నాకు గూడ పైవే ముందొచ్చినయి. లోపల ఇంకో పన్నుంటె మామకు ప్రాణగండమన్నరు. ఆయన కాశీకి పోయినప్పుడు డాక్టరమ్మ దాన్ని కోసి తీసేసింది. మామను సూడు, మంచిగనే ఉన్నడు. పోయి పిల్లనెత్తుకో."

ఆ కుర్రాడు మామ వంక చూశాడు, చెల్లె వంక చూశాడు. తర్వాత లేచి పోయి ఉయ్యాల్లోంచి పిల్లను ఎత్తుకున్నాడు. పిల్ల అతని ముక్కు పట్టుకుంది. ఆ ఇంట్లో ఆ పిల్లను చూసి ఎవరూ కాళ్ళు పైకి లాక్కోలేదు. చెల్లె కోరుకున్నది అంతే.

మామ నవ్వు మాత్రం ముఖం మీదే ఆరిపోయింది. చెయ్యి మణికట్టు కోసం వెతుక్కుంది.

"నా పన్ను తీసిన్రా?" అన్నాడు.

నా పన్ను అన్నాడు. చెల్లె నోట్లో, చెల్లె ఎముకలో ఉన్నది ఆయన పన్ను.

అరవై నిండటానికి ఆయనకు ఇంకా కొంచెం మిగిలి ఉంది. ఆ సాయంత్రమే గుండె పట్టేసిందని మంచమెక్కాడు. కొడుకు ఆటోలో వేసుకుపోతే దవాఖానలో అన్నీ చూసి, గ్యాస్ అని చెప్పి ఒక మాత్ర ఇచ్చి పంపారు. ఆ పన్ను తీసి ఏళ్ళు దాటిందని, ఇన్నాళ్ళూ ఏమీ కాలేదని ఎవరు చెప్పినా చెవిన పెట్టలేదు. అప్పుడు తెలియదు కాబట్టి ఏం కాలేదు, ఇప్పుడు తెలిసింది కాబట్టి అవుతుందట. మూడోరోజు అత్త చేత మాకు కబురు పంపాడు, వెనక గదులు ఖాళీ చెయ్యమని. పుట్టి పెరిగిన ఇల్లు వదలడానికి అమ్మ ఏడుస్తుందనుకున్నాను. బాపు సామాను కడుతుంటే గదులు ఊడ్చి, చీపురు కూడా వెంట తెచ్చుకుంది.

అరవై నిండిన రోజు ఆయన షష్టిపూర్తి ఘనంగా చేసుకున్నాడు. మమ్మల్ని పిలవలేదు. గండాన్ని గెలిచిన కథ ఆయన నోటి నుంచే విన్నామని వెళ్ళొచ్చిన వాళ్ళు చెప్పారు. అందులో ఆయనకు తెలియకుండా చెల్లె చేసిన కుట్ర ఉంది, ఆయన పుణ్యబలం ఉంది. గొలుసు లేదు, గంజి లేదు. చెల్లె ఆ పన్నుతో ఇప్పటికీ గట్టివి కొరకదు. వేరు పొట్టిగా ఉండిపోయింది, జాగ్రత్తగా వాడుకొమ్మని డాక్టరమ్మ చెప్పింది. జామకాయ ఇస్తే పక్కపళ్ళతో కొరుకుతుంది.

ఆయన్ని నేను చివరిసారి చూసింది పోవడానికి రెండేళ్ళ ముందు. షుగరు ఎక్కువై, కాలికి పుండు మానక దవాఖానలో ఉన్నాడు. బాపు అప్పటికి లేడు. తోడబుట్టినవాడు, చూసి రావాలన్నది అమ్మ. చెల్లె పొద్దున్నే లేచి చారు, మెత్తటి అన్నం చేసి కారియర్‌లో పెట్టింది. మేము ముగ్గురం పోయేసరికి అత్త వార్డు బయటే ఎదురొచ్చి, ఆ పిల్లను లోపలికి తీసుకురావద్దంటున్నాడని చెప్పలేక చెప్పింది. అమ్మ చెల్లె చెయ్యి పట్టుకుని లోపలికి నడిచింది.

మామ చెల్లెను చూడగానే కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ముడతలు పడేంత గట్టిగా. డెబ్బై దాటిన మనిషి, ముఖం మీద దుప్పటి లాక్కోవడానికి చేతులు తడుముతున్నాయి. చెల్లె కాసేపు చూసి, కారియర్ స్టూలు మీద పెట్టి, "మంచిగుండు మామా," అని బయటికి వెళ్ళిపోయింది. చెప్పుల చప్పుడు దూరమయ్యాక ఆయన ఒక కన్ను తెరిచాడు. తర్వాత రెండోది.

అమ్మ పై గిన్నె తీసి, అన్నం కలిపి, చెంచాతో పెట్టింది. తిన్నాడు. చారు ఎవరు చేశారని అడిగాడు. చిన్నది చేసిందని అమ్మ చెప్పింది. నమలడం ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ సాగింది. దాని ముఖంలో ఉన్న గండం దాని చేతి చారులో ఉండదనుకున్నాడో ఏమో, గిన్నె అడుగు కనబడేదాకా తిని, పెదాలు నాక్కున్నాడు.

"ఇంక జరంత ఉన్నదా?" అన్నాడు.

అమ్మ కారియర్ కొక్కెం బిగించింది.

"లేదన్నా," అన్నది.

కింది గిన్నె నిండుగానే ఉంది. ఇంటికి తెచ్చుకుని ముగ్గురం తిన్నాం.